మూడు మూలల పసుపు

ప్రొద్దుటూరులో మా అంగడి నుంచి క్యూఆర్ కోడ్ ఉన్న పని ఏది బయటికి వెళ్ళినా ఆ రోజు నాకు అన్నం సహించదు. అక్షరం తప్పు పడితే చదివేవాడు సర్దుకుని చదువుకుంటాడు. ఫొటో కాస్త నల్లబడితే ఇంట్లోవాళ్ళు గొణుక్కుని ఊరుకుంటారు. కోడ్ అలా కాదు. పలికితే పలుకుతుంది, లేదంటే నోరు మూసుకుంటుంది, ఎందుకు మూసుకుందో చెప్పదు. పైగా అది మొండికేసేది నా ముందు కాదు, ఎక్కడో నలుగురిలో. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది డిజైన్ చేసిన మనిషే.

మా అంగట్లో మిషన్ మా ఆయనది, కంప్యూటర్ నాది. ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, సంతాపం పోస్టర్లు, అన్నీ చేస్తాం. కోడ్‌ను పరీక్షించడానికి అద్దం పగిలిన పాత ఫోను ఒకటి దాచిపెట్టుకున్నాను. కొత్త ఫోను దేన్నైనా చదువుతుంది, దాన్ని నమ్మకూడదు. ఆ పాతది ఎండలో పలకాలి, ట్యూబులైటు కింద పలకాలి, కాగితం కొంచెం ముడిచి పట్టుకున్నా పలకాలి. అప్పటికి కానీ నా గుండె కుదుటపడదు. మా ఆయన నవ్వుతాడు, పరీక్ష పిల్లలకు పెట్టినట్టు పెడతావు అని. ఆయనకేం, గొడవకు వచ్చినవాళ్ళు కూర్చునేది నా ఎదురుగా ఉన్న కుర్చీల్లో.

ఒకసారి కూర్చున్నారు కూడా. ఒక పార్టీ నాయకుడి పుట్టినరోజుకు రక్తదాన శిబిరం పెట్టారు. పేర్లు నమోదు చేసుకోవడానికి ఫ్లెక్సీ మీద కోడ్ కావాలన్నారు. కోడ్ చుట్టూ తెల్లటి అంచు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ ఉంటేనే కోడ్ ఎక్కడ మొదలైందో ఫోనుకు తెలుస్తుంది. మా వైపు ఫ్లెక్సీలో ఖాళీ అనే మాటే లేదు. నాయకుడు, ఆయన తమ్ముడు, కొడుకు, మండలం పెద్దలు, వాళ్ళ కింద చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళు. ఒక్క తల తగ్గినా ఒక ఇంట్లో అలకే. పని తెచ్చిన మనిషి నా వెనక నిలబడి చూసి, ఆ తెల్లజాగాలో వాళ్ళ బామ్మర్ది ఫొటో పడుతుందన్నాడు. గళ్ళు నలుపులో ఎందుకు, పార్టీ రంగులో పెట్టమన్నాడు. లేత రంగు గళ్ళు ఫోనుకు ఆనవని ఎంత చెప్పినా నా మాట వినలేదు. మా ఆయన భుజం మీద చెయ్యివేసి, అట్లనే చేయించప్పా అని వెళ్ళిపోయాడు.

జమ్మలమడుగులో కట్టిన ఆ ఫ్లెక్సీని ఏ ఫోనూ చదవలేదు. మరుసటి రోజు నలుగురు అంగట్లోకి వచ్చారు. గొంతు పెంచలేదు. కాళ్ళు చాపుకుని కూర్చున్నారు, టీ తెప్పించుకున్నారు. వాళ్ళలో ఒకడు గోడ మీద మా అమ్మాయి ఫొటో చూసి, పాప ఎక్కడ చదువుతోందని అడిగాడు. కడపలో అని చెప్పాను. అది అబద్ధం. ఆ అబద్ధం నా నోటికి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఆ సాయంత్రమే తెల్ల అంచుతో, నల్ల గళ్ళతో ఇంకో ఫ్లెక్సీ కొట్టి ఇచ్చాం. బామ్మర్దిని పైకి జరిపి నాయకుడి భుజం పక్కన పెట్టాను. వాళ్ళకు అది ఇంకా నచ్చింది.

ఇంటికి వెళ్ళి నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన రక్తదానం గురించి అడగలేదు, కోడ్ గురించి అడగలేదు. పాప ఊరు ఏమని చెప్పావని మాత్రం అడిగాడు. కడప అన్నానని చెబితే తల ఊపాడు. నాకు ఆ అబద్ధం ఎవరు నేర్పారో ఆ తల ఊపులోనే తెలిసిపోయింది.

మాది కొండాపురం దగ్గర ఊరు. నా చిన్నతనం ఫ్యాక్షన్ రోజుల్లో గడిచింది. ఊరిలో రెండు వర్గాలు, చెరొక పార్టీ జెండా. నాయన పెద్ద నాయకుడేమీ కాదు. మా వర్గం పెద్దకు దగ్గరివాడు, ఒక కేసులో కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పినవాడు. అంతే చాలు. అప్పటి నుంచి ఆయన ఎటు వెళ్తున్నాడో ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళం కాదు. అడిగితే అశుభమని అందరి ఇళ్ళల్లోనూ అనుకుంటారు, మా ఇంట్లో అది అశుభం కాదు, ప్రమాదం. జమ్మలమడుగు అని చెబితే పులివెందులకు వెళ్ళేవాడు. ముద్దనూరులో బస్సు దిగి చేలకు అడ్డం పడి వచ్చేవాడు. వెళ్ళిన దారిన తిరిగి రావడం నేను చూడలేదు. అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి మూత వేసి కూర్చునేది. ఏ వైపు చూడాలో కూడా తెలియదు కాబట్టి గోడ వైపు తిరిగి కూర్చునేది.

ఆయన భుజాల మీద ఎక్కి వెళ్ళింది ఒక్కసారి నాకు బాగా గుర్తు. ఊరి బయట వంక, ఆ చిన్న వాగు దాటి, జొన్నచేను గట్టు వెంబడి వెళ్ళాం. కంకులు నా పాదాలకు తగిలి చక్కిలిగింతలు పెడుతుంటే నవ్వాను. మాట్లాడొద్దన్నట్టు నాయన నా మోకాలు నొక్కాడు. అదేదో ఆట అనుకుని ఊపిరి బిగబట్టాను. చిన్నతనం గురించి ఎవరైనా అడిగితే నేను సంతోషంగా చెప్పుకునే సంగతి అదే.

తర్వాత ఆ ఊరిని గండికోట నీళ్ళు మింగాయి. వంక, గట్టు, అడ్డదారులు, అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. కొట్టుకున్న రెండు వర్గాలవాళ్ళూ ఒకే పునరావాస కాలనీలో పక్కపక్క వీధుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. కేసులు రాజీ అయ్యాయి. పైనున్న నాయకులు పార్టీలు మారీ మారీ చివరికి అందరూ ఒకే జెండా కిందికి చేరారు. అమ్మ పోయాక నాయన ప్రొద్దుటూరుకు మా ఇంటికి వచ్చాడు. అన్నీ చల్లబడినా ఆయన కుర్చీ మాత్రం ఎప్పుడూ వీధి తలుపుకు ఎదురుగానే ఉండేది.

మా అమ్మాయి పెళ్ళి పులివెందుల కుర్రాడితో కుదిరింది. పెళ్ళి వాళ్ళ ఊరిలో, కొత్తగా కట్టిన కల్యాణ మండపంలో. అది ఊరి బయట చీనీ, అదే బత్తాయి, తోటల మధ్య ఉంది. అదే పేరుతో పాత మండపం ఒకటి ఊరి నడిబొడ్డున ఉంది. ఫోనులో పేరు కొట్టి వెతికితే నేరుగా పాతదాని ముందుకు తీసుకెళ్తుంది. కార్డులో దారి చూపే కోడ్ లేకపోతే సగం మంది ముహూర్తం వేళకు వేరే వాళ్ళ పెళ్ళిలో కూర్చుంటారు. అందుకని కోడ్ పెట్టాల్సిందే అని పట్టుబట్టాను. ఊరందరి కోడ్‌లూ పలికి, నా కూతురి పెళ్ళి కోడ్ పలకకపోతే ఇంకేమైనా ఉందా.

మగపెళ్ళివాళ్ళు ఎర్ర కార్డు మీద బంగారు రంగు గళ్ళు కావాలన్నారు. బంగారు రేకు వెలుతురుకు మెరుస్తుంది, మెరిస్తే ఫోను కళ్ళు మూసుకుంటుంది. నా పెళ్ళిలో కూడా అంత వాదించలేదు, అంత వాదించి ఒప్పించాను. మెరుపు లేని మీగడ రంగు కాగితం, దాని మీద నలుపు. మ్యాపు లింకు పొడుగ్గా ఉంటే గళ్ళు చిన్నవై ఇరుక్కుంటాయి, అందుకని పొట్టి లింకు చేసి గళ్ళు పెద్దవి చేశాను. మధ్యలో వినాయకుడి బొమ్మ అడిగారు, ఆయన్ని కార్డు తలమీదికి పంపాను. ప్రూఫ్ రాగానే పాత ఫోనుతో ఇల్లంతా తిరిగి పరీక్షించాను. అన్నిచోట్లా పలికింది.

నాయన కుర్చీలోంచి ఇదంతా చూస్తున్నాడు.

"ఏంది పాపా ఆ గళ్ళ బొమ్మ?" అని అడిగాడు.

నా పని గురించి ఇంట్లో ఎవరైనా అడగడమే అరుదు. ప్రూఫ్ పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఫోను చూపగానే మండపానికి దారి వస్తుందని చూపించాను. మూడు మూలల్లో ఉన్న పెద్ద గళ్ళు దీనికి కళ్ళలాంటివని చెప్పాను. లోపలి చిన్నగళ్ళు కొన్ని చెరిగినా ఫోను సర్దుకుంటుంది, ఈ మూడింటిలో ఒకటి పోయినా ఇది కోడ్ అనే దానికి తెలియదు. నాలుగో మూలకు అలాంటిది లేదు, దాన్ని బట్టే ఏది పైనో ఏది కిందో తేల్చుకుంటుంది. నాయన ఆ మూలల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమాడు.

"దీన్ని ఎవురు చూసినా దారి చూపిస్తాదా?"

"ఎవురు చూసినా చూపిస్తాది నాయనా. దానికే గదా పెట్టేది."

ఆయన ప్రూఫ్‌ను జాగ్రత్తగా నా చేతికి తిరిగి ఇచ్చాడు. నేర్చుకున్నాడని నేను మురిసిపోయాను.

కార్డులు వచ్చాక వియ్యంకుడు ఇంటికొచ్చి, మొహమాటపడుతూ ఒక మాట చెప్పాడు. మునిగిపోయిన మా ఊరిలో అవతలి వర్గానికి పెద్దగా ఉన్న మనిషి వాళ్ళకు దూరపు చుట్టం. అంతా ఒకే జెండా కింద ఉన్న రోజుల్లో కార్డు ఇవ్వకపోతే బాగుండదట. నేను చప్పున నాయన వైపు చూశాను. ఆ పేరు మా ఇంట్లో పైకి పలికేవాళ్ళం కాదు. నాయన సాక్ష్యం చెప్పింది ఆయన మనుషుల మీదే. నాయన మాత్రం తొణక్కుండా, ఇయ్యండి, దానిదేముంది అన్నాడు. ఆ నిమ్మళం చూసి నాకు ఇంకా భయమేసింది.

మరుసటి ఉదయం కార్డుల నాలుగు మూలలకూ పసుపు పెట్టడానికి కూర్చున్నాం. మా ఇళ్ళలో అది ఆడవాళ్ళ పని. నాయన వచ్చి చాప మీద కూర్చుని, మీకు వేరే పనులుంటాయి పోండి, నేను పెడతా అన్నాడు. మనవరాలి పెళ్ళి, ముచ్చట పడుతున్నాడు అనుకున్నాను. పసుపు గట్టిగా కలుపుకుని, ఒక్కో కార్డు తెరిచి, కవరులో పెట్టి, రెండు రోజులు అదే పని చేశాడు. నేను కాఫీ తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయేదాన్ని.

పెళ్ళి వారంలోకి వచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. ముందు రాజుపాలెం నుంచి, మీ కార్డులో గళ్ళు పనిచేయడం లేదని. తర్వాత చాపాడు నుంచి మా చిన్నమ్మ. ప్రింటు కాగానే నమూనాకని అంగట్లో దాచుకున్న కార్డు తీసి చూస్తే చక్కగా పలికింది. అయితే ప్రింటులో సిరా మారిందా, కొన్ని కార్డులకు గళ్ళు అలుక్కున్నాయా, కాగితం తేడా వచ్చిందా. ఇన్నేళ్ళుగా నేను భయపడ్డది నా ఇంట్లోనే జరిగిందనుకున్నాను. పెళ్ళి పనులన్నీ వదిలేసి చాపాడు బస్సెక్కాను.

చిన్నమ్మ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. కార్డు నాలుగు మూలలకూ పసుపు ఉంది. కోడ్ మూలలకు కూడా ఉంది, గోటితో గీరితే కానీ ఊడనంత మందంగా. నల్ల గళ్ళు కనబడటం లేదు. నాయనకు చూపు ఆనక, కోడ్‌ను కూడా కార్డు లాగే అనుకుని మూలలకు పెట్టాడేమో, పెద్దవాడు అనుకున్నాను. చిన్నమ్మ కూడా అదే అంది. బస్సులో తిరిగి వస్తూ ఆ కార్డును ఇంకోసారి తెరిచి చూశాను. కోడ్‌కు మూడు మూలల్లోనే పసుపు ఉంది. నాలుగో మూల శుభ్రంగా ఉంది. పొరపాటున శుభానికి పెట్టే చెయ్యి మూడు మూలలకు పెట్టి నాలుగోది వదలదు.

ఇంటికి రాగానే ఆ కార్డు ఆయన ఒళ్ళో పడేశాను. ఆయన దాన్ని చూసి, మళ్ళీ వీధి వైపు చూశాడు.

"అన్నిటికీ పెట్టినావా నాయనా?"

"అన్నిటికీ పెట్టినా. ఎవురి కార్డు ఎవురి చేతికి పోతాదో ఎట్ల తెలుస్తాది?"

కోపం ఆపుకోలేకపోయాను. దారి తెలియక చుట్టాలు ఎండలో తిరిగితే మన పరువేం కావాలని అరిచాను. ఆ రోజులు పోయాయి, వాళ్ళూ ముసలివాళ్ళయ్యారు, నువ్వు దాక్కున్న దారులు కూడా నీళ్ళలో మునిగాయి అన్నాను. ఆయన అంతా విన్నాడు. తాను ఏ మండపానికి వస్తాడో, ఎన్ని గంటలకు అక్కడ ఉంటాడో కార్డులోనే ఉంది, దారి కూడా మనమే చేతికిచ్చి పిలవాలా అన్నాడు. అలా చెబుతూనే కుర్చీని వీధి తలుపుకు ఇంకాస్త ఎదురుగా జరుపుకున్నాడు. అప్పుడు నాకు కోపం పోయి ఏడుపొచ్చింది. మనవరాలి పెళ్ళికి రావడానికి ఆయన ఎంత భయపడుతున్నాడో నేను ఒక్క రోజూ కనిపెట్టలేదు.

ఫోన్లు ఉన్న చుట్టాలందరికీ దారిని వాట్సాప్‌లో పంపాను. నాయన చూస్తూనే ఉన్నాడు, అడ్డం చెప్పలేదు. ఆ పెద్దమనిషి నంబరు మాత్రం మా ఎవరి దగ్గరా లేదు. ఎలాగూ రాడులే అని మా ఆయన అన్నాడు. నేనూ అదే కోరుకున్నాను.

పెళ్ళి ముహూర్తం పొద్దున్నే. మండపంలో నాయన గోడకు వీపు ఆనించి, గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. నేను పీటల దగ్గర ఉన్నాను కానీ నా చూపు గుమ్మం మీదే ఉంది. తెల్లచొక్కా, తెల్లపంచె కనబడితే చాలు, ఆ పెద్దమనిషేనేమో అని మెడ చాచి చూసేదాన్ని. మా వైపు పెళ్ళిలో అందరివీ తెల్లచొక్కాలే. తాళి కట్టేటప్పుడు అక్షింతలు వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు.

భోజనాలు మొదలయ్యాక ఆయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చేతికర్ర, చెప్పుల నిండా తోటల ఎర్రమన్ను. బస్టాండు నుంచి నడిచే వచ్చినట్టున్నాడు. చేతిలో మా కార్డు ఉంది. నేరుగా నాయన దగ్గరికి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, అది వంకగా పెట్టుకుని పరుగెత్తినట్టే వెళ్ళాను.

"పసుపు బాగా పెట్టినారప్పా కార్డుకు," అన్నాడాయన. "మావోడు ఫోను పెట్టి ఎంత చూసినా పలకల్యా. అడుక్కుంటా వచ్చినా."

నేను గ్లాసు అందించాను. ఆయన తాగి, మూతి తుడుచుకుని, నాయన వైపు కాకుండా పీటల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నీ దారి నాకు కొత్తా అప్పా. జమ్మలమడుగు అని చెప్పి నువ్వు పులివెందలకు పొయ్యేది తెల్సు. ముద్దనూరు కాడ దిగి చేన్లకు పడి వచ్చేది తెల్సు. ఒకదినం వంక దాటి జొన్నచేను గట్టున పోతాంటివి. మేము చేన్లోనే ఉండాము. నీ భుజాల మీద ఈ పాప ఉండె, నగుతాండె. సరేలే పోనీ అనుకుంటిమి."

చెప్పింది చాలన్నట్టు కర్ర పట్టుకుని లేచాడు. భోజనానికి ఎటు వెళ్ళాలని నన్నే అడిగాడు. చూపించాను. నా చెయ్యి చూపించింది కానీ నేను అక్కడ లేను. జొన్నకంకులు నా పాదాలకు మళ్ళీ తగిలాయి. ఇన్నేళ్ళూ సంతోషంగా చెప్పుకున్న ఆ దారిలో, చేతికందేంత దూరంలో వాళ్ళు కూర్చుని ఉన్నారు. నాయన ఆ రోజు నన్ను ఎందుకు వెంట తీసుకెళ్ళాడు? ఆ ప్రశ్న అప్పుడే పుట్టింది. ఇప్పటిదాకా ఆయన్ని అడగలేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

నాయన వైపు తిరిగాను. వీపు గోడకు ఆనించి లేదు, ముందుకు వంగి ఉంది. ఇన్ని సంవత్సరాలు మార్చిన దారులు, అమ్మ గోడ వైపు తిరిగి కూర్చున్న సాయంత్రాలు, అన్నీ ఎవరి నుంచి దాచాడో వాళ్ళకు తెలిసినవే. ఆయన ముఖంలో కోపం లేదు. దాచినదంతా తెలిసిపోయి ఉందంటే ఇక దాచే పని లేదు కదా అనే అలసట ఉంది.

ఆ పెద్దమనిషి చెయ్యి కడుక్కుని గుమ్మం వైపు వెళ్తుంటే నాయన లేచి వెనకే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. గుమ్మం దగ్గర నలుగురూ వింటుండగా, నా చిన్నతనం నుంచి నేను ఎన్నడూ వినని మాట నాయన నోట విన్నాను.

"మేము ఎండ తగ్గినాక బయల్దేరుతాం. ముద్దనూరు మీద పోతాం."

ఆ పెద్దమనిషి తల ఊపాడు. "మంచిదప్పా. నిమ్మళంగా పోండి," అని చీనీ తోటల దారి పట్టాడు.

అమ్మాయిని అత్తవారింట్లో వదిలి, నేను తొందరపెడితే ఎండ ఉండగానే బయలుదేరాం. మా ఆయన కారు నడుపుతుంటే నాయన వెనక సీటులో నా పక్కన కూర్చున్నాడు. పులివెందుల దాటే ముందు, నాయనకు వినబడకూడదని ముందుకు వంగి, వేంపల్లె మీదుగా పోదామని మా ఆయన చెవిలో చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. బండి నెమ్మదైంది.

"చెప్పిన దారినే పోనీ," అన్నాడు నాయన.

మా ఆయన అద్దంలో నా వైపు చూసి, ముద్దనూరు రోడ్డు పట్టాడు. ముద్దనూరు వచ్చేదాకా నేను రోడ్డుకు రెండు పక్కలా చూస్తూనే ఉన్నాను. ప్రతి చేనులోకీ చూశాను. ఎర్రగుంట్ల దాటాక నాయన వైపు తిరిగాను. ఆయన తల కిటికీకి ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ప్రయాణంలో ఆయన నిద్రపోవడం నేను చూసింది అదే మొదలు.